డ్రమ్ములో రావిచెట్టు

రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేయాలని అత్తమ్మ చెప్పిన రోజు నేను వంటింట్లోకి పోయి, పప్పు డబ్బాల వైపు మొహం తిప్పుకుని నవ్వుకున్నాను. నిజానికి అది ఏడవాల్సిన మాట. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదు, మొక్కు కట్టాల్సిందేనని ఆమె తేల్చేసింది. కానీ నా చెవికి ఎక్కింది ఒక్క ముక్కే. సంగారెడ్డిలో మాకు దగ్గరగా ఉన్న రావిచెట్టు బజారు దాటి, బస్సులు ఆగే చోటు కూడా దాటి, గుడి పక్కన ఉంది. అంటే నేను గడప దాటాలి. శనివారం శనివారం బజారులో నా కాళ్లతో నేను నడవాలి!

మాది దుకాణమున్న ఇల్లు. ముందు దుకాణం, దాని వెనక ధాన్యం బస్తాల గది, ఆ వెనక మేముండే ఇల్లు, నడుమ ఆకాశం కనిపించేంత ఖాళీ జాగా. దాన్ని లోవాకిలి అనేవాళ్లం. ఇంటికి వేరే తలుపు లేదు. బయటికి పోవాలంటే దుకాణంలోంచే పోవాలి. అక్కడ పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా రైతులు, హమాలీలు, బేరగాళ్లు. వాళ్ల మధ్యలోంచి కోడలు నడిచిపోవడమా, శివ శివా! అమావాస్యకు దుకాణం కట్టేసినప్పుడు, ఏ పెళ్లికో పేరంటానికో, పరదా కట్టిన బండిలో పోవడమే. నేను కోడలిగా వచ్చిన అరవైల నడుమ మా బజారులో చాలా ఇళ్లు అట్లాగే ఉండేవి.

నేను పెరిగింది జిన్నారం వైపు పల్లెలో. మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు. చెలకల్లో సీతాఫలాలు ఏరుకుంటూ పొద్దుగూకేదాకా తిరిగిన కాళ్లు నావి. ఆ కాళ్లు నాలుగేళ్లుగా వంటింటికీ బావికీ మధ్య తిరుగుతున్నాయి. సంగారెడ్డిలో జైలు ఉంది. గంట గంటకూ అక్కడ కొట్టే గంట మా లోవాకిలిదాకా వినిపించేది. వాళ్లకైనా ఇన్నేళ్లు శిక్షని చెప్పి లోపలేస్తారు, నాకు అదీ చెప్పలేదు కదా అనుకునేదాన్ని.

అందుకే ఆ శనివారానికి ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. శుక్రవారం సాయంత్రం మామయ్య అన్నం దగ్గర కూర్చుని నా కొంప ముంచాడు.

"శనివారం ఎంత గిరాకీ ఉంటది! గా జనంల కెల్లి కోడలు ఎట్ల పోతది? ఇజ్జత్ గిట్ల ఉన్నదా లేదా?"

అత్తమ్మ పొడుగాటి మనిషి, దవడలో ఎప్పుడూ వక్క ఉండేది. ఆలోచన వస్తే వక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు మారేది. అట్లా మార్చి, స్నానాల గది గోడ వైపు చూసింది. ఆ గోడ నెత్తిన, ఇటుకల సందులో, ఏ కాకి వేసిన గింజో, జానెడు రావిమొక్క గాలికి ఊగుతోంది.

"నువ్వేడికి పోవుడెందుకు పిల్లా? చెట్టే మనింటికొచ్చి కూసున్నది," అంది.

నా నవ్వు అక్కడికక్కడే ఇంకిపోయింది. మామయ్య మాత్రం ఇంకో ముద్ద పప్పన్నం పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడే గుడి అయ్యగారిని పిలిపించారు. ఆయన గోడ కింద నిలబడి మొక్కకు దండం పెట్టి, నియమాలు చెప్పాడు. నేను తలుపు చాటున ఉన్నాను.

"నాటిన చెయ్యే దినాము నీళ్లు పొయ్యాలమ్మా. శనివారం తప్ప చెట్టును ముట్టొద్దు. ఇనుము తాకొద్దు. కొమ్మ తుంచొద్దు, వేరు కొయ్యొద్దు. ఎండిపోతే ఇంటి మొగాయనకు మంచిది కాదు. సంతానం అయినంక గుడి ఆవరణల నేలకిచ్చి మొక్కు తీర్చుకోవాలె. అప్పటిదాక కట్టు ఉంటది."

"మరి నేను ఊరికి పోవలసొస్తే?" అని చాటు నుంచే అడిగాను.

"పోవద్దు. లేకుంటే ఇంట్ల ఇంకో ఆడమనిషి తనంతట తాను చెంబు అడిగి తీసుకోవాలె. తీసుకున్నంక కట్టు ఆమెది. మళ్ల ఎవలన్న అడిగి తీసుకునేదాక ఆమెదే."

మా ఇంట్లో ఇంకో ఆడమనిషి అంటే అత్తమ్మ ఒక్కతే. ఆమె ఆ మాట విననట్టే వంగి, బండ మీద ఏదో మరకను చెంగుతో తుడుస్తోంది.

గోడలో మొలిచిన రావిమొక్కను బతికుండగా బయటికి తీయడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. వారం రోజులు ఆ గోడను తడుపుతూనే ఉన్నాను. సున్నం నానాక, ఇనుము తగలకూడదు కాబట్టి, వెదురు బద్దతో ఇటుక సందు గీకాను. పైన వేరు ముల్లంగిలా లావుగా, తెల్లగా ఉంది. కిందికి పోయేకొద్దీ దారమంత సన్నగా అయి, గోడ లోపల ఎంత దూరం పోయిందో అంతు చిక్కలేదు. మెల్లగా, తలలో చిక్కు తీసినట్టు తీశాను. చివర తెగింది. తెగిన చోట పాలు కారి వేళ్లకు అంటుకున్నాయి. సాయంత్రానికి ఆ పాలు నల్లటి జిగురై గోళ్ల సందుల్లో కూర్చున్నాయి. రావిపాల మరక చీరకు అంటితే చీర చిరిగేదాకా పోదు. నా చీరలన్నిటికీ ఆ మరకలే.

మొదట మట్టి గోలెంలో పెట్టాను. ఎర్రమన్ను, మంజీర ఇసుక రైతులు బండ్ల మీద తెచ్చి ఇచ్చారు. బలం ఉండాలని పచ్చిపేడ కలిపాను. పది రోజులు తిరక్కముందే ఆకుల అంచులు మాడిపోయాయి. అత్తమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

"గిదేంది పిల్లా, గిట్ల మాడగొట్టినవ్? నా కొడుకు పానం మీదికి తెస్తవా ఏంది?"

ఏడుస్తూనే ఆ పేడంతా చేత్తో తోడి, చివికిన పెంటమన్ను వేశాను. అది కూడా శనివారం దాకా ఆగి. ఈ శనివారం నియమం ఉంది చూశారూ, దాన్ని పెట్టినవాళ్లెవరో గాని ఒక్క మొక్కనూ పెంచి ఉండరు. మంగళవారం ఆకు కింద తెల్ల పురుగు కనిపించేది. ముట్టకూడదు. శనివారం దాకా అది కులాసాగా తింటుంటే చేతులు కట్టుకుని చూడాలి. శనివారం తలస్నానం చేసి, కుంకుడు రసంలో గుడ్డ ముంచి, ఒక్కో ఆకూ రెండు వైపులా తుడిచేదాన్ని. నెలలో నేను దూరంగా ఉండే మూడు రోజులు దానికీ ఉపవాసమే. ఎండాకాలమైతే ముందు రోజే బస్తాల గదిలోంచి గోనెసంచి తెచ్చి తడిపి, మన్ను మీద కప్పి పెట్టేదాన్ని.

ఆ ఏడాది ఫాల్గుణంలో ఆకులు పండి రాలడం మొదలుపెట్టాయి. రెండు వారాల్లో పుల్ల మిగిలింది. రావిచెట్టు ఏడాదికోసారి ఆకు రాల్చుతుందని పల్లెలో పుట్టిన నాకు తెలియదా? తెలుసు. కానీ భయం ముందు తెలివి నిలుస్తుందా! చచ్చిపోతోందని చెంబు మీద చెంబు నీళ్లు పోశాను. మన్ను కుళ్లు వాసన వచ్చింది. అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మా ఆయన దుకాణంలో తుమ్మితే లోపల ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. ఒక పొద్దున పుల్ల కొసకు చిన్న ముల్లులాంటి మొగ్గ విచ్చుకుని, అప్పుడే తోమిన రాగిచెంబు రంగులో ఆకు బయటికొచ్చింది. అత్తమ్మ, నేను ఒకరి చేతులు ఒకరం పట్టుకుని గంతులేశాం. తర్వాత ఆమెకే సిగ్గేసి నా చేతులు విదిలించుకుని వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత రెండేళ్లకు మా ఆయనకూ మామయ్యకూ చెడింది. మా ఆయనకు బేరం చేయడం రాదు, రైతు ఎంతంటే అంతకు తలూపేవాడు. పటాన్‌చెరు వైపు కొత్తగా కార్ఖానాలు లేస్తున్న రోజులవి. ఒక కార్ఖానాలో సామాన్ల స్టోరు చూసే మనిషి కావాలంటే పోయి చేరాడు. "దుకాణమోల్లింట్ల పుట్టి నౌకరా?" అని మామయ్య నెల రోజులు గునిశాడు. షిఫ్టు డ్యూటీలు, బస్సులకు నమ్మకం లేదు. అందుకని ఆయన అక్కడే నలుగురితో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాడు. వారానికోసారి ఇంటికొచ్చేవాడు.

ఎప్పుడు వచ్చేవాడో చెప్తాను, నవ్వకండి. శనివారం సాయంత్రం వచ్చేవాడు. శనివారం నాకు ఉపవాసం, మడి, చాప మీద పడక. ఆదివారం తలస్నానం అయ్యేదాకా మా ఆయన నన్ను ముట్టకూడదు. ఆదివారం పగలంతా ఇంటినిండా మనుషులు. సాయంత్రం బస్సుకు ఆయన రాత్రి డ్యూటీకి వెళ్లిపోయేవాడు. ఇంక నేను చెట్టు చుట్టూ ఎన్ని తిరిగితే ఏం లాభం చెప్పండి? పిల్లలు పుట్టాలంటే మొగుడు ఇంట్లో ఉండాలి కదా అత్తమ్మా అని అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఒళ్లు మండేది. చింతగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేసుకుంటూ, నూట ఎనిమిది లెక్క పెట్టుకుంటూ, మళ్లీ తిరిగేదాన్ని.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం లోవాకిలిలో గోలెం టప్పుమని పగిలింది. లోపల మన్ను కనిపించలేదు, అంతా వేళ్లే. గోలెం ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని, ఒకదాని మీద ఒకటి బిగుసుకుని ఉన్నాయి. వాటిని చూస్తుంటే నాకు ఊపిరాడలేదు.

వేళ్లు కొంచెం కత్తిరించి మళ్లీ పెడితే చక్కగా సర్దుకునేది. కానీ కొయ్యొద్దన్నారు కదా. మా ఆయన తన కార్ఖానాలో పాతబడిన పెద్ద ఇనుప డ్రమ్ము అడిగి తెచ్చాడు, నీళ్లు నిలవకుండా అడుగున తూట్లు కొట్టించి మరీ. డ్రమ్ము ఇనుముదే కదా అని నేనన్నాను. అయ్యగారు కాస్త ఆలోచించి, లోపల మందంగా పేడతో అలికితే ఇనుము తాకనట్టే అన్నాడు. అలికాను. లోవాకిలి నడుమ, షాబాదు బండల మీద, ఆ డ్రమ్మును నిలబెట్టారు. పూజ చేసి నిలబెట్టారు కాబట్టి ఇంక దాన్ని కదపకూడదు. కుండీలో మొక్క పెంచేవాళ్లు ఎవరైనా నెలకోసారి కుండీని పక్కకు జరుపుతారు, వెలుతురు అన్ని వైపులా తగలాలని, కింద వేరు దిగకుండా ఉండాలని. మేం జరపలేదు. పేడ అలికినందుకు సంతోషపడ్డామే గాని, అడుగున తూట్లున్నాయన్న సంగతి ఎవరం తలుచుకోలేదు.

డ్రమ్ముకూ బస్తాల గది గోడకూ మధ్య సందు చిన్నది. తిరిగినప్పుడల్లా నా మోచెయ్యి గోడకు రాసుకుని అక్కడ సున్నం పోయి మెరుపు తేలింది. చెట్టు పెరిగేకొద్దీ కొమ్మలు సందులోకి వాలాయి. ముట్టకూడదు కాబట్టి శనివారం తప్ప మిగతా రోజుల్లో అక్కడ వంగి, పక్కకు తిరిగి, పీతలా నడిచేదాన్ని. చెట్టు మిద్దె దాటి పైకి పోయింది. దాని తలకు బజారంతా కనిపిస్తుందని నాకు కుళ్లుగా ఉండేది.

ఆ ఇంట్లో బయటికి పోయే ఆడది అత్తమ్మ ఒక్కతే. అది కూడా ఏడాదికి పది రోజులు, ఎండాకాలంలో, జోగిపేటలోని తన పుట్టింటికి. తొమ్మిదేళ్ల పిల్లగా మా ఇంటికి కోడలై వచ్చిందట. ఇంత పొడుగు మనిషి, జోగిపేట ప్రయాణం అనేసరికి చిన్నపిల్ల అయిపోయేది. నెల ముందునుంచే సంచి సర్దేది, తీసేది, మళ్లీ సర్దేది. వాళ్లమ్మ ముసలామె, ఇంకా బతికే ఉంది. పోయి వచ్చేటప్పుడు ఎండకు మొహం నల్లబడి, చేతినిండా కొత్త గాజులు, నోటినిండా ముచ్చట్లు. "మా యమ్మ నా నెత్తికి నూనె రాసింది పిల్లా, ఇగ సూడు," అని నెరిసిన జుట్టు చూపించేది. ఆ నాలుగు రోజులు నా మీద కోపం కూడా తక్కువే. తర్వాత మామూలే. నేనెప్పుడైనా మొహం మాడ్చుకుంటే, "నేను గీ ఇంట్లకొచ్చినంక జోగిపేటకు తప్ప గడప దాటలే. సచ్చిపోయిన్నా?" అనేది.

చెట్టు డ్రమ్ములోకి మారిన మూడో ఏడు వానాకాలంలో, ఒక శనివారం మా ఆయన ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా నా దగ్గరికొచ్చాడు.

"కార్ఖానావాల్లు క్వార్టర్లు కట్టిన్రు. రేకుల కప్పే, ఒక రూము, వంటిల్లు. ఫ్యామిలీ ఉన్నోల్లకే ఇస్తరంట. దసరా లోపట చేరకుంటె ఇంకొకలకు ఇచ్చేస్తరు. వస్తవా?"

వస్తావా అంటాడేంటి పిచ్చి మనిషి! నా కాళ్లు అప్పుడే బస్సెక్కాయి. కానీ ఆయన అడగాల్సింది నన్ను కాదని ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం తల్లి ముందు కూర్చుని, బండ మీద వేలితో గీతలు గీస్తూ, ఎట్లాగో చెప్పాడు.

అత్తమ్మ వక్క దవడ మారింది.

"పోండ్రి, నేనెందుకు వద్దంట? మరి చెట్టో? నాటిన చెయ్యే కదా నీళ్లు పొయ్యాలె. అది ఎండిపోతె నీకే కదరా కీడు."

"అమ్మా, గుడి కాడ నేలకిచ్చేద్దం."

"సంతానం అయినంకనే కదా ఇచ్చుడు."

అప్పుడు నేను నోరు తెరిచాను. అత్తమ్మకు ఎదురు చెప్పడం అన్నేళ్లలో అదే మొదటిసారి. "ఈయన అక్కడ, నేనిక్కడ ఉంటే సంతానం ఎక్కడ్నుంచి అయితది అత్తమ్మా? చెట్టుకు కాస్తదా?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఇవాళ మూడిందనుకున్నాను. అత్తమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఉన్నట్టుండి వక్క ఊడిపడేలా నవ్వింది.

"నిజమే గదనే!" అంది. మర్నాడు తనే అయ్యగారికి కబురు పంపింది.

అయ్యగారు శాస్త్రం అటు తిప్పి ఇటు తిప్పి, చెట్టును ముందే నేలకివ్వొచ్చు, సంతానం అయినాక అక్కడికే వచ్చి మొక్కు తీర్చుకోవచ్చు అన్నాడు. దసరాకు ముందు వచ్చే శనివారం మంచిదన్నాడు. గుడి ఆవరణలో గుంత తవ్వించారు. నేను నా ట్రంకు పెట్టె సర్దుకున్నాను. ఆ వారమంతా జైలు గంట కొట్టినప్పుడల్లా వేళ్లు మడుచుకుని నవ్వుకునేదాన్ని.

ఆ శనివారం పొద్దున దుకాణం కట్టేశారు. గిరాకీ పోతోందని మామయ్య గొణుగుతూనే ఉన్నాడు. బయట ఎద్దులబండి నిలబడింది. అందులో ముందు చెట్టు, వెనక నేను. చెట్టును నాటి, అటునుంచి అటే బస్సెక్కి పోవాలని మా ఆయన ఏర్పాటు. నా పెట్టె అప్పటికే గడప దగ్గర ఉంది. బస్తాలు మోసే హమాలీలు నలుగురు స్నానాలు చేసి వచ్చారు. డ్రమ్ముకు మోకు చుట్టి, బొంగులు దూర్చి, "హుషార్!" అని ఒక్కసారిగా లేపారు.

డ్రమ్ము కదల్లేదు. మళ్లీ లేపారు. మళ్లీ కదల్లేదు. వాళ్లలో పెద్దాయన బోర్లా పడుకుని డ్రమ్ము అడుగున చూసి, లేచి, మన్ను దులుపుకున్నాడు.

"సావుకారీ, గిది డ్రమ్ము గాదు. తూట్లల్ల కెల్లి ఏర్లు దిగినయ్. నా చెయ్యంత లావున్నయ్. బండలు పగులగొట్టుకోని భూమిలకు పోయినయ్."

అందరం ఒంగి చూశాం. నిజమే. మేం కుండీలో పెట్టామనుకున్న చెట్టు మా ఇంటి నడుమ తనంతట తాను నాటుకుంది. కొన్నాళ్లుగా అక్కడి బండలు ఎగుడుదిగుడుగా కాలికి తగులుతుంటే, వానకు కుంగాయనుకున్నాను.

"గొడ్డలి ఉంటె రెండు దెబ్బలల్ల తెంపుతం," అన్నాడు ఇంకో హమాలీ. అయ్యగారు చెవులు మూసుకున్నాడు. మా ఆయన ఆయన వైపు చూశాడు. అయ్యగారు తల అడ్డంగా ఊపాడు.

"వేరు కొయ్యరాదు. వంశానికే దోషం. ఇగ ఇది ఈడిదే. కట్టు కూడా ఈడనే."

నేను గడప దగ్గరున్న నా పెట్టెను చూశాను. దుకాణం తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి బండి చక్రం, దాని మీద ఎండ కనిపిస్తున్నాయి. ఏడుపు కూడా రాలేదు. ఏం చేయాలో నాకు తెలుసు. పొద్దున ఇంకా నీళ్లు పోయలేదు. బావి దగ్గరికి పోయి చెంబు ముంచుకొచ్చాను. డ్రమ్ము ముందు నిలబడ్డాను. చెంబు వంచబోతుంటే అత్తమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చెంబు నాకియ్యి," అంది.

నాకు అర్థం కాలేదు. మామయ్యకు అర్థమైంది. "ఏమే, సోయి ఉన్నదా? మరి జోగిపేట?" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. "అడుగుతున్న గద. నా అంతట నేనే అడుగుతున్న. అయ్యగారూ, మీరు కూడ ఇన్నరు. ఇయ్యి పిల్లా."

నేనేం చేశానంటారా? ఇచ్చేశాను. వద్దత్తమ్మా అనలేదు, మొహమాటానికైనా అనలేదు. ఆమె మనసు మారుతుందేమోనన్న భయంతో చెంబు ఆమె చేతిలో పెట్టి, కాళ్లకు దండం పెట్టి, పెట్టె నేనే ఎత్తుకుని బండెక్కాను. నేను చేసింది సరైన పనే, ఇప్పటికీ అదే అంటాను. బండి కదిలేటప్పుడు లోపల నీళ్లు పోసిన చప్పుడు వినిపించింది.

పటాన్‌చెరు క్వార్టర్లో రేకుల కింద ఎండాకాలం ఉడికిపోయేవాళ్లం. గాలి మారితే కార్ఖానా పొగ కూరలోకి కూడా వచ్చేది. అయినా నా ఇంటికి వీధిలోకి తెరుచుకునే తలుపు ఉంది. పనేమీ లేకపోయినా రోజుకు పదిసార్లు ఆ తలుపు తీసి బయట నిలబడేదాన్ని. పక్కింటి బిహారు ఆమెతో చేతి సైగలతో మాట్లాడుతూ సంతకు నడిచిపోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. చెట్టు ఇచ్చిందని అత్తమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది. రేకుల గది ఇచ్చిందని నేననుకున్నాను గాని, పైకి అనలేదు.

పిల్లను తీసుకుని నెలకోసారి సంగారెడ్డి పోయేదాన్ని. చెట్టును గుడికిచ్చే దారి లేదు కాబట్టి పిల్ల పుట్టినా కట్టు వీడలేదు. అత్తమ్మ అదే సందులో, అదే గోడకు మోచెయ్యి రాసుకుంటూ తిరుగుతుండేది. పొడుగు మనిషి కదా, కొమ్మల కింద నాకన్నా ఎక్కువ వంగాల్సి వచ్చేది. నాకుండే ఆ మూడు రోజుల సెలవు ఆమెకు లేదు, ఆ వయసు దాటిపోయింది. ఎండాకాలం వచ్చింది, పోయింది. సంచి మేకుకు వేలాడుతూనే ఉంది. జోగిపేటలో వాళ్లమ్మ మంచం పట్టిందని తెలిస్తే, పొద్దున నీళ్లు పోసి బస్సెక్కి, తల్లి మంచం పక్కన కాసేపు కూర్చుని, పొద్దుగూకేసరికి వచ్చేసిందట. ఒక్క రాత్రి ఉండమని ఆ ముసలామె కొంగు పట్టుకుందట. ఆ సంగతి మామయ్య చెప్పాడు, ఆమె చెప్పలేదు.

అది విన్నాక నాకు మనసు ఆగలేదు. ఆ మధ్యాహ్నం పిల్లను చంకనేసుకుని డ్రమ్ము దగ్గరికి పోయాను. డ్రమ్ము అప్పటికే తుప్పు పట్టి ఒక పక్క విచ్చుకుంది, లోపలినుంచి చెట్టు మొదలు తోసుకొస్తోంది. అత్తమ్మ రాలిన ఆకులు ఏరుతోంది.

"అత్తమ్మా, చెంబు నాకియ్యుండ్రి. పది దినాలు ఈడనే ఉంట. మీరు పోయి అమ్మమ్మ దగ్గర ఉండి రాండ్రి. రాంగనే మళ్ల మీరే అడిగి తీసుకోండ్రి."

ఆమె చేతిలోని ఆకులు అట్లాగే పట్టుకుని నన్ను చూసింది. ఎంత ఆశ కనిపించిందో ఆ కళ్లలో! పోతుందనే అనుకున్నాను. చెంబు బావిగట్టు మీద ఉంది. చెయ్యి చాపాను. ఆమె నాకన్నా ముందు దాన్ని తీసుకుని, చీర కుచ్చిళ్ల వెనక దాచుకుంది, పిల్లల దగ్గర బెల్లం దాచినట్టు.

"వద్దు పిల్లా," అంది. "నేను ఆడ ఉండంగ అమ్మ పోతె, దినాలయ్యేదాక రానిస్తరా? గీ లోపట నాకేమన్న అయితె? నీ చేతికిస్తె మల్ల నువ్వే ఇరుక్కుంటవ్."

ఆమె పిల్ల బుగ్గ మీద అంటిన రావిపాల మరకను కొంగుతో గట్టిగా తుడిచింది. అది పోలేదు.

"లే, బస్సుకు టైమైతున్నది," అని దుకాణం తలుపుదాకా వచ్చి, గడప ఇవతలే ఆగిపోయింది.